నీడలు చదివిన డాక్టరు గారు

డాక్టరు గారంటే మనకు ముందుగా గుర్తొచ్చేది ఆయన చెయ్యి. నాడి పట్టుకున్న చెయ్యి, పొట్ట మీద వేళ్ళు పెట్టి ‘ఇక్కడ నొప్పా?’ అని నొక్కి చూసే చెయ్యి, మనకి అర్థంకాని గీతలతో మందుచీటీ రాసే చెయ్యి. జబ్బు నయమైతే ఆ చేతికే దణ్ణం పెడతాం. ‘ఆయన హస్తవాసి మంచిదండీ’ అని నలుగురికీ చెబుతాం.

కానీ పెద్దాసుపత్రికి వెళ్ళొచ్చిన వాళ్ళని ఓసారి అడిగి చూడండి. చీకటి గదిలో కూచుని మీ ఎక్స్‌రే ఫిల్ము చూసి, కింద రెండు వాక్యాలు రాసి పంపిన డాక్టరు గారి పేరేమిటీ అని. నూటికి తొంభై మంది చెప్పలేరు. ఆయన్ని మనం చూడం. ఆయనా మన మొహం చూడరు. మన ఎముకలూ, ఊపిరితిత్తులూ మాత్రం ఆయనకి బాగా పరిచయం! తీరా చూస్తే, ఆపరేషన్ చెయ్యాలా వద్దా అని పెద్ద డాక్టరు గారు తేల్చుకునేది చాలాసార్లు ఆ రెండు వాక్యాలు చదివాకే.

అలా రోగికి కనిపించని డాక్టర్లలో తెలుగువాళ్ళందరికీ పేరు తెలిసిన మనిషి ఒకరుండేవారు. డాక్టర్ కాకర్ల సుబ్బారావు గారు. 2021 ఏప్రిల్ 16న, తొంభై ఆరేళ్ళ నిండు వయసులో వెళ్ళిపోయారు. అవి ఎలాంటి రోజులో మీకు గుర్తుండే వుంటుంది. కరోనా రెండోసారి విరుచుకుపడ్డ రోజులు. ఎవరింటికి ఫోన్ చేసినా ‘స్కోరెంత?’ అనే ప్రశ్న. పరీక్షల్లో మార్కులు కావవి, సి.టి. స్కాన్‌లో ఊపిరితిత్తులకి ఇరవై అయిదుకి వచ్చిన మార్కులు. తక్కువ వస్తే సంతోషించే మార్కులు! అంతవరకూ రేడియాలజీ అన్న మాట కూడా వినని ఇల్లాళ్ళు సైతం ‘మావారికి ఎనిమిదేనండీ, పరవాలేదన్నారు’ అని చెప్పుకుంటున్న ఆ రోజుల్లోనే, ఆ విద్యను తెలుగు డాక్టర్లకు నేర్పిన పెద్దాయన కన్నుమూశారు. అప్పటి గోడులో ఆయన్ని తీరిగ్గా తలుచుకునే వ్యవధి ఎవరికుంది? ఇప్పుడైనా తలుచుకుందామని ఈ నాలుగు మాటలు.

అసలు ఈ విద్య పుట్టిందే ఒక ఇల్లాలి చేతి మీద. 1895 నవంబరులో జర్మనీలోని వుర్జ్‌బర్గ్ ఊళ్ళో రాంట్‌జెన్ అనే ప్రొఫెసరు గారికి తన ప్రయోగశాలలో కొత్త రకం కిరణాలు కనబడ్డాయి. అవేమిటో ఆయనకే తెలియదు. లెక్కల్లో తెలియనిదాన్ని ‘ఎక్స్’ అంటాం కదా, అలాగే ఎక్స్ కిరణాలు అన్నారు. వారాల తరబడి అన్నం నీళ్ళు సరిగ్గా ముట్టకుండా ఆ గదిలోనే గడిపి, డిసెంబరు 22న భార్య బెర్తా గారిని పిలిచి, పలక మీద చెయ్యి పెట్టమన్నారు. కాసేపయ్యాక ఆవిడ చేతి ఎముకలూ, వేలికి వేలాడుతున్నట్టు పెళ్ళి ఉంగరమూ ఫోటోలో తేలాయి. మురిసిపోతుందనుకుంటే, తన చావును చూసినట్టుందని ఆవిడ భయపడిపోయిందంటారు. పాపం, మరి భయపడదూ! రాంట్‌జెన్ గారికి 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి వచ్చింది. తను కనిపెట్టినదాని మీద ఆయన పేటెంటు తీసుకోలేదు. లోకం మొత్తం వాడుకోనిమ్మని వదిలేశారు.

అయితే, ఫోటో తియ్యడం ఒక ఎత్తు, దాన్ని చదవడం ఇంకో ఎత్తు. ఎక్స్‌రే ఫిల్ము అంటే నీడల బొమ్మ. ఎముక తెల్లగా, గాలి నల్లగా, మిగతావన్నీ బూడిద రంగు ఛాయల్లో వుంటాయి. ఒకదాని మీద ఒకటి పడ్డ నీడల్లో ఏది జబ్బు, ఏది కాదు అని చెప్పడానికి కన్ను తయారవ్వాలి. ఆ కన్ను పుస్తకం చదివితే రాదు. పక్కన గురువు నిలబడి, ‘ఇదిగో ఇక్కడ చూడు’ అని వేలుపెట్టి చూపిస్తేనే వస్తుంది. సంగీతం నేర్చుకున్నట్టే, ముగ్గు వెయ్యడం నేర్చుకున్నట్టే.

సుబ్బారావు గారు పుట్టింది 1925 జనవరి 25న, కృష్ణా జిల్లా పెదముత్తేవిలో. కూచిపూడి వున్న మొవ్వ మండలంలోనే వుంది ఆ ఊరు. వ్యవసాయం చేసుకునే పల్లె. విశాఖపట్నం ఆంధ్ర మెడికల్ కాలేజీలో ఎం.బి.బి.ఎస్. చదివి, 1951లో అమెరికా వెళ్ళారు. న్యూయార్కులోనూ, బాల్టిమోరులోనూ ఆసుపత్రుల్లో పనిచేస్తూ రేడియాలజీ నేర్చుకున్నారు. అమెరికన్ బోర్డు పరీక్ష పాసయ్యారు. అంత చదువు చేతికొచ్చాక అక్కడే వుండిపోతారని ఎవరైనా అనుకుంటారు. ఆయన 1956లో తిరిగి వచ్చేశారు.

వచ్చింది ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన సంవత్సరం. చేరింది హైదరాబాదు ఉస్మానియా మెడికల్ కాలేజీలో. ఆ కాలేజీది పాత చరిత్ర. 1846లో హైదరాబాద్ మెడికల్ స్కూలుగా, ఉర్దూలో వైద్యపాఠాలు చెబుతూ మొదలైంది. మత్తుమందు ఇవ్వడంలో ప్రపంచంలోనే తొలి మహిళా డాక్టరని చెప్పుకునే రూపాబాయి ఫర్దూన్‌జీ చదువుకున్నది అక్కడే. అలాంటి చోట రేడియాలజీ శాఖకు సుబ్బారావు గారు పెద్దయ్యారు. 1970 దాకా అక్కడే పాఠాలు చెప్పారు. ఆ పధ్నాలుగేళ్ళలో ఉస్మానియా నుంచి బయటికొచ్చిన కుర్ర డాక్టర్లు జిల్లాలకీ, తాలూకా ఆసుపత్రులకీ, గనుల ఆసుపత్రులకీ వెళ్ళారు. పంతులు గారు హైదరాబాదులోనే వున్నా ఆయన చూపు మాత్రం ఊరూరా తిరిగిందన్నమాట.

ఆ చూపు మా ఊరు కూడా వచ్చింది. మాది గోదావరిఖని. మా బాపు బాయిలో టింబర్‌మన్. బాయి అంటే నీళ్ళ బావి కాదండోయ్, బొగ్గు గని. మావైపు అందరూ బాయి అనే అంటారు. తవ్వుకుంటూ పోయేకొద్దీ పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం బాపు పని. అన్నట్టు, సింగరేణి బొగ్గును 1871లో ఇల్లెందు దగ్గర కనిపెట్టినాయన కూడా డాక్టరే, డాక్టర్ విలియం కింగ్. అయితే ఆయన రాళ్ళ డాక్టరు, భూగర్భశాస్త్రం ఆయనది. నేల ఊపిరితిత్తుల్లో నల్లగా ఏముందో ఆయన చెప్పాడు. ఆ నలుపు మనిషి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంకో రకం డాక్టర్లు కావలసి వచ్చారు.

బొగ్గు దుమ్ములో కంటికి కనిపించే నలుసులు ముక్కులోనే ఆగిపోతాయి. దస్తీతో తుడుచుకుంటే పోతాయి. కంటికి కనిపించనివే ప్రమాదం. అవి ఊపిరితిత్తుల చివరి గదుల దాకా వెళ్ళి కూచుంటాయి. వాటిని బయటికి నెట్టబోయి, శరీరం తనలో తనే గట్టిపడి చిన్న చిన్న గడ్డలు కట్టుకుంటుంది. రాతిదుమ్ము కలిస్తే మరీ చేటు. ఏళ్ళ తరబడి మనిషికి తెలియదు. మెట్లెక్కితే ఆయాసం వచ్చేనాటికి జరగాల్సింది జరిగిపోయి వుంటుంది. ఆ గడ్డల్ని కరిగించే మందు ఇవాళ్టికీ లేదు. నీళ్ళు చల్లి దుమ్ము లేవకుండా చెయ్యడం, గాలి బాగా ఆడేలా చూడడం, ముందే కనిపెట్టి మనిషిని దుమ్ములోంచి తప్పించడం, ఇవే మార్గాలు. అందుకే గని కార్మికులకి అయిదేళ్ళకోసారి వైద్యపరీక్ష చెయ్యాలనీ, ఛాతీ ఎక్స్‌రే తియ్యాలనీ రూలు పెట్టారు.

ఆ ఫిల్ముల్ని చూసే పద్ధతి వింటే మీకు సరదాగా వుంటుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ వాళ్ళు నమూనా ఫిల్ములు తయారుచేసి దేశదేశాలకూ ఇచ్చారు. కార్మికుడి ఫిల్మును వాటి పక్కన పెట్టి పోల్చి చూడాలి. మనం చీర అంచు పట్టుకుని షాపులో జాకెట్టు గుడ్డ మ్యాచింగ్ చూసుకోమూ, అలాగే! మచ్చ ఒకటిన్నర మిల్లీమీటర్ల లోపు వుంటే ‘పీ’, మూడు దాకా ‘క్యూ’, పది దాకా ‘ఆర్’. మన వంటింటి భాషలో చెప్పాలంటే గసగసాలంత, ఆవాలంత, పెసలూ శనగలంత.

ఇక ఆ ఫిల్ము మా కాలనీలో ఏం చేసేదో చెబుతాను. ‘అన్‌ఫిట్’ అనే ఇంగ్లీషు ముక్క తెలియని ఇల్లు మా దగ్గర లేదు. దానికి రెండు అర్థాలు. అన్‌ఫిట్ అయితే మనిషికి జబ్బు వుందని అర్థం, అది దుఃఖం. కానీ ఆ రోజుల్లో అన్‌ఫిట్ అయిన కార్మికుడి కొడుక్కి ఆ ఉద్యోగం వచ్చే పద్ధతి వుండేది. ఇంట్లో ఎదిగిన కొడుకు ఖాళీగా వుంటే ఆ మాటలోనే ఆశ కూడా వుండేది. ఫిట్ అంటే బతుకు తెరువు నిలబడినట్టూ, కొడుకు తెరువు మూసుకున్నట్టూ. ఒకే ఫిల్ము వంక చూస్తూ, ఒకింటివాళ్ళు మచ్చ వుండకూడదని మొక్కుకునేవాళ్ళు, ఇంకో ఇంటివాళ్ళు వుంటే బాగుండునని నోరు విప్పకుండానే అనుకునేవాళ్ళు. ఎవర్ని తప్పుపడతాం? ఇల్లు గడవాలి కదా.

1991 ప్రాంతంలో మా బాపు ఫిల్ములో కుడివైపు పైన ఒక మచ్చ కనిపించింది. మా అన్న ఇంటర్ తప్పి ఇంట్లో వున్నాడప్పుడు. నాకు పదకొండేళ్ళు. అక్కడ ఎక్స్‌రేలు చూసే డాక్టరు గారు నెత్తి నెరిసిన మనిషి. 1960లలో ఉస్మానియాలో చదివారట. ‘మా కాకర్ల సారు’ అని ఆయన అనడం విన్నాను. ఆ పేరు నేను మొదట విన్నది అక్కడే. ఆయన బాపుని కూచోబెట్టి, “పాత ఫిల్ము ఏమైనా వుందా ఇంట్లో?” అని అడిగారు. బాపు మా అమ్మ వంక చూశాడు.

“ఉన్నది సారూ. చీరెల నడుమ పెట్టిన, ముడుత పడకుండ,” అంది అమ్మ. మర్నాడు పట్టుకెళ్ళి ఇచ్చింది. అప్పటికి ఏడేళ్ళ కిందటిది, వేరే ఊళ్ళో తీయించుకున్నది. డాక్టరు గారు రెండు ఫిల్ములూ వెలుగుపెట్టె మీద పక్కపక్కన తగిలించారు. వెంటనే మచ్చ దగ్గరికి పోలేదు. ముందు పేరు చూశారు. కుడి ఏదో ఎడమ ఏదో చూశారు. పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కబెట్టినట్టు చూశారు. గుండె చూశారు. అన్నీ అయ్యాక మచ్చ దగ్గరికి వచ్చారు. రేడియాలజీ గురువులు ఎక్కడైనా నేర్పేది ఈ వరసేనని పెద్దయ్యాక తెలిసింది. కొట్టొచ్చినట్టు కనిపించేదాని మీదికి ముందే ఉరికితే, పక్కనున్న చిన్నది తప్పిపోతుందట.

“ఏడేళ్ళ నాడు ఎంతుందో ఇప్పుడూ అంతే వుందమ్మా. ఎప్పుడో చిన్నప్పుడు క్షయ వచ్చి, దానంతటదే మానిపోయిన గాయం. గట్టిపడిపోయింది. దుమ్ము జబ్బు కాదు. భయం లేదు,” అన్నారు. ఆ మాటే కాయితం మీద రాశారు. బాపు ఫిట్.

ఇంటికొచ్చాక పక్కింటి చిన్నమ్మ అమ్మని దులిపేసింది. “ఆ పాత ఫిలుము ఎందుకు తీసినవే? లేదంటే ఏమైతుండె? పోరనికి నౌకరి వచ్చు.” అమ్మ బియ్యం ఏరుతూ తలెత్తకుండా, “లేని రోగం పెట్టుకోని నౌకరి తెచ్చుకుంటమా అక్కా?” అంది. మా అన్న రెండు రోజులు అమ్మతో మాట్లాడలేదు. తర్వాత వాడూ ఇంటర్ కట్టి పాసయ్యాడు. బాపు రిటైరయ్యే దాకా బాయికి పోయాడు.

నేనెప్పుడూ ఆలోచిస్తుంటాను. ఆ డాక్టరు గారి ముందు ఎన్ని కళ్ళు అలా ఆశగానో, భయంగానో చూస్తూ నిలబడి వుంటాయి! జాలిపడి వున్నదాన్ని లేదనీ, లేనిదాన్ని వుందనీ రాయాలనిపించదూ? కానీ ఫిల్ము మీద ఏముందో అదే రాయాలి. లేని జబ్బు రాస్తే ఆ మనిషి ఆ బెంగతో బతుకుతాడు. వున్న జబ్బు దాస్తే దుమ్ములోనే చస్తాడు. నీడలు చదివే విద్యకి ఇదే ప్రాణం. గురువు దగ్గర కన్నుతోపాటు ఇది కూడా అబ్బితేనే విద్యార్థి డాక్టరవుతాడు.

సుబ్బారావు గారు 1970లో మళ్ళీ అమెరికా వెళ్ళారు. న్యూయార్కులో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలలో ప్రొఫెసరయ్యారు. అక్కడి తెలుగువాళ్ళ సంఘం ‘తానా’కి తొలి అధ్యక్షుడు ఆయనే. ఆ పదిహేనేళ్ళలోనే ఈ విద్య రూపం మారిపోయింది. 1971లో లండన్‌లో మొదటిసారి ఒక రోగి తలని సి.టి. స్కాన్ తీశారు. ఆ రోగి కూడా ఒక స్త్రీయే! ఆ యంత్రాన్ని తయారుచేసిన హౌన్స్‌ఫీల్డ్ గారు పనిచేసింది ఈ.ఎం.ఐ. కంపెనీలో. మన ఇళ్ళలో గ్రామఫోను రికార్డుల మీద కుక్క బొమ్మ వుండేది చూడండి, ఆ హెచ్.ఎం.వి. వాళ్ళ కంపెనీయే. అల్ట్రాసౌండూ, ఎం.ఆర్.ఐ.లూ కూడా వాడుకలోకి వచ్చాయి. కడుపులో బిడ్డ గుండె కొట్టుకోవడం తల్లికి తెరమీద కనిపించింది. దాని వెంటే, ఆడపిల్లని తెలిస్తే వద్దనుకునే పాపమూ వచ్చింది. 1994లో చట్టం చేసి ఆ మాట చెప్పకూడదన్నారు. చూడటం వచ్చిన వాళ్ళకి ఏది చెప్పాలో, ఏది చెప్పకూడదో కూడా తెలియాలన్నమాట.

అలాంటి రోజుల్లో, 1980ల మధ్యలో, అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు గారు పిలిస్తే ఆయన రెండోసారి తిరిగి వచ్చారు. పిల్లలు అమెరికాలో స్థిరపడిన తల్లులు మనలో ఎంతమంది లేరు! వెళ్ళినవాళ్ళు ఒకసారి తిరిగిరావడమే గగనం. ఈయన రెండుసార్లు వచ్చారు, అదీ అరవై ఏళ్ళ వయసులో. పంజాగుట్టలో ఎముకల ఆసుపత్రిగా వున్నదాన్ని ‘నిమ్స్’గా, అన్ని జబ్బులకీ పెద్ద చికిత్స దొరికే చోటుగా, పై చదువులు చెప్పే సంస్థగా నిలబెట్టే బాధ్యత డైరెక్టరుగా ఆయన మీద పడింది. మా గోదావరిఖని నుంచి గుండెజబ్బుతోనో, మూత్రపిండాల జబ్బుతోనో ‘పట్నం’ తీసుకుపోవాలంటే ‘నిమ్స్‌కి’ అనే మాటే నోటికొచ్చేది.

2000లో పద్మశ్రీ వచ్చింది. అంతకన్నా ఆయనకు ఇష్టమైనది పాఠం చెప్పడమేనని ఆయన చేసిన పనులు చూస్తే తెలుస్తుంది. రేడియాలజీ మీద మూడు సంపుటాల పెద్ద పాఠ్యగ్రంథానికి సంపాదకత్వం వహించారు. తన పేరుతో ‘క్రెస్ట్’ అనే ట్రస్టు పెట్టి, హైదరాబాదులో కుర్ర రేడియాలజిస్టులకి పాఠాలు ఏర్పాటు చేశారు. మామూలుగా ఆ వయసుకి మనవలకి కథలు చెప్పుకుంటూ కూచుంటారు. ఈయన పరాయి పిల్లల్ని చుట్టూ కూచోబెట్టుకుని నీడల కథలు చెప్పారు.

ఆయన పోయిన మరుసటి ఏడాది, 2022 నవంబరులో, మా రామగుండానికి మెడికల్ కాలేజీ వచ్చింది. సింగరేణి డబ్బుతో, సింగరేణి పేరుతోనే వచ్చింది. మొన్న ఊరికెళ్ళినప్పుడు, బస్‌స్టాండు దగ్గర తెల్లకోట్లు చేతిమీద వేసుకుని ఆడపిల్లలు గుంపుగా నడిచిపోతున్నారు. వాళ్ళలో బాయి పని చేసేవాళ్ళ బిడ్డలు కూడా వుండే వుంటారు. ఒకప్పుడు మా ఊళ్ళో ఫిల్ముకి ఇవతల నిలబడి, డాక్టరు ఏమంటాడోనని ఆయన మొహం చూసిన వాళ్ళమే. ఇప్పుడు ఆ ఫిల్ముని అందుకుని చదివే వంతు మా పిల్లలకి వచ్చింది.

వాళ్ళలో ఎవరైనా రేడియాలజీ తీసుకుంటే రోగులు వాళ్ళ పేరు గుర్తుపెట్టుకోరు. హస్తవాసి మంచిదని ఎవరూ అనరు. దానికి చిన్నబుచ్చుకోవద్దని చెప్పాలనిపించింది. చెప్పలేదు లెండి, ముక్కూమొహం తెలియని పిల్లలకి దారిలో ఆపి ఏం చెబుతాం! మీ ఇళ్ళలో ఎవరైనా డాక్టరీ చదువుతుంటే మాత్రం సుబ్బారావు గారి పేరు ఓసారి చెప్పండి. అలాగే పాత ఎక్స్‌రేలు పారేయకండి. బీరువాలో చీరల మధ్య వాటికి చోటు ఎప్పుడూ వుంటుంది.